చంద్రపూర్‌లో ఇంటి ధూళి మీటరు: ఏడాది వాడాక

బొగ్గు గనులకూ థర్మల్ విద్యుత్ కేంద్రానికీ దగ్గరగా ఉంటున్న మేము, పొద్దున ఊడ్చిన వరండా సాయంత్రానికి నల్లబడుతుంటే, పిల్లలు పీలుస్తున్నదేమిటో తెలుసుకోవాలని ఈ లేజర్ మీటరు కొన్నాము. ఇది చిన్న ఫ్యానుతో గాలిని లోపలికి లాగి, కణాలు చెదరగొట్టిన కాంతిని బట్టి పీఎం 2.5ను, అంటే 2.5 మైక్రాన్లు, అంతకంటే చిన్నవైన సన్నని ధూళి కణాలను, అంచనా వేస్తుంది. చలికాలపు తెల్లవారుజామున అంకె పెరగడం, ఎండ ఎక్కాక తగ్గడం స్పష్టంగా తెలుస్తుంది. అయితే వానాకాలంలో తేమకు ఉబ్బిన కణాల వల్ల ఎక్కువ చూపుతుంది. బొగ్గు లారీలు లేపే ముతక ధూళిని మాత్రం తక్కువగా లెక్కిస్తుంది, మా ఊరికి ఇది పెద్ద లోపమే. పీఎం 2.5కు జాతీయ ప్రమాణమైన ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు 24 గంటల సగటుకు వర్తించేది కాగా, ఇందులో ఆ సగటు చూపే సదుపాయం లేనందున గంటగంటకూ నోటుపుస్తకంలో రాసుకుంటున్నాము.