ఉప్పునీటి అక్వేరియానికి ఏది మేలు: కిచెన్ ఆర్వోనా, ఆర్వో-డీఐనా, కొన్న డీఎం వాటరా?

ఉప్పునీటి ట్యాంకులో నీళ్లు ఆవిరైపోతాయి, వాటిలో కరిగినవి మాత్రం ట్యాంకులోనే ఉండిపోతాయి. 200 లీటర్ల ట్యాంకు రోజుకు 3 లీటర్లు తగ్గుతుందనుకుందాం. లీటరుకు 45 మి.గ్రా. నైట్రేటు ఉన్న బోరు నీళ్లతో ఆ లోటు పూడిస్తే, నెల తిరిగేసరికి ట్యాంకులో నైట్రేటు లీటరుకు 20 మి.గ్రా. పెరుగుతుంది. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ఒప్పుకునే హద్దు ఆ 45 మి.గ్రా.యే. మేత వల్ల పెరిగేది దీనికి అదనం. కాబట్టి మనం తాగే నీళ్లే కదా అని పోసేయడం కుదరదు. విశాఖ, కాకినాడ వైపు వాళ్లు సముద్రపు నీళ్లే తెచ్చి నింపుకున్నా, రోజూ పోసే టాప్-అప్‌కి ఉప్పులేని శుద్ధమైన నీళ్లు కావాల్సిందే.

ముందే తీర్పు చెప్పేస్తే: 60 లీటర్ల లోపు ట్యాంకుకు డీఎం (డీమినరలైజ్డ్, అంటే లవణాలు తీసేసిన) వాటర్ కొనుక్కోవడం మేలు. అంతకు మించితే విడిగా ఆర్వో-డీఐ పెట్టుకోవాలి. డీఐ (డీఅయనైజేషన్) అంటే ఆర్వో తర్వాత మిగిలిన లవణాలను రెజిన్ గింజలతో పట్టేసే గొట్టం. వంటింటి ఆర్వోను ఉన్నదున్నట్టుగా వాడకూడదు.

హైపో (సోడియం థయోసల్ఫేట్) వేసిన కుళాయి నీళ్ల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. హైపో క్లోరిన్‌ను విరుస్తుంది, అంతే. నైట్రేటు, ఫాస్ఫేటు, సిలికా, రాగి అన్నీ అలాగే ఉంటాయి. గోల్డ్‌ఫిష్‌కి సరిపోయే పద్ధతి పగడాలకు సరిపోదు.

వాటర్ ప్లాంట్ 20 లీటర్ల క్యాను కూడా ఆర్వో నీళ్లే, కానీ అవి తాగడానికి చేసినవి. టీడీఎస్ (నీటిలో కరిగిన మొత్తం పదార్థాల కొలత) ఒక్కో ప్లాంటులో ఒక్కోలా, ఒకే ప్లాంటులో ఒక్కో వారం ఒక్కోలా ఉంటుంది. డీఐ గొట్టంలోకి పంపే నీళ్లుగా పనికొస్తాయి, నేరుగా ట్యాంకులోకి వద్దు.

వంటింటి ఆర్వోతో అసలు చిక్కు మెంబ్రేన్ (లవణాలను ఆపే పొర) తర్వాత మొదలవుతుంది. రుచి కోసం టీడీఎస్ కంట్రోలర్ కొంత పచ్చి నీటిని మళ్లీ కలుపుతుంది, మినరల్ కాట్రిడ్జ్ ఇంకొంత చేరుస్తుంది. యూవీ దీపం క్రిముల్ని చంపుతుంది గానీ టీడీఎస్‌ను ఒక్క అంకె కూడా తగ్గించదు. అన్నిటికన్నా ప్రమాదం "కాపర్" అని రాసి అమ్మే మోడళ్లు. చేపల జబ్బులకు మందుగా వాడే రాగి మోతాదు లీటరుకు 0.15–0.2 మి.గ్రా. చేపలు తట్టుకునే ఆ మోతాదుకే రొయ్యలు, నత్తలు, పగడాలు చచ్చిపోతాయి. పైగా రాగి రాళ్లలోకి, ఇసుకలోకి ఇంకిపోయి తర్వాత మెల్లగా బయటికొస్తుంది. ఆ యంత్రాన్నే వాడాలంటే మెంబ్రేన్ నుంచి వచ్చే గొట్టానికి, కంట్రోలర్ కలిసే చోటుకు ముందే, టీ జాయింటు వేసి నీళ్లు తీసి డీఐకి పంపాలి. అప్పుడు కూడా ఒక ఇబ్బంది మిగులుతుంది. ఇంట్లో బిందె పట్టిన ప్రతిసారీ యంత్రం కాసేపు నడిచి ఆగుతుంది. ఆగి ఉన్నప్పుడు ఉప్పు మెంబ్రేన్ దాటి ఇటువైపు చేరుతుంది కాబట్టి మొదట వచ్చే నీళ్ల టీడీఎస్ ఎక్కువ. ఆ నీళ్లే పదేపదే డీఐ రెజిన్‌ను తినేస్తాయి.

విడి ఆర్వో-డీఐ వరుస ఇది: 5 మైక్రాన్ స్పన్ ఫిల్టర్, కార్బన్ బ్లాక్, బూస్టర్ పంపు, 75 జీపీడీ (రోజుకు 75 గ్యాలన్ల) మెంబ్రేన్, చివర డీఐ. క్లోరిన్ మెంబ్రేన్‌ను పాడుచేస్తుంది కనుక కార్బన్ ముందుండాలి. బోరు నీళ్లే అయినా అపార్ట్‌మెంట్ సంపులో బ్లీచింగ్ పౌడర్ వేస్తుంటారు, కార్బన్ మానేయొద్దు. పంపు కూడా తప్పనిసరి. 10 మీటర్ల ఎత్తున ఉన్న ఓవర్‌హెడ్ ట్యాంకు 14 పీఎస్ఐ ఒత్తిడి మాత్రమే ఇస్తుంది, మెంబ్రేన్‌కు 50–60 కావాలి. ఒత్తిడి తక్కువైతే నీళ్లూ తగ్గుతాయి, టీడీఎస్ కూడా పెరుగుతుంది. అన్నీ కుదిరితే గంటకు దాదాపు 12 లీటర్లు వస్తాయి. టీడీఎస్ 600 ఉన్న బోరు నీళ్లు 12–25కి దిగుతాయి. 40 దాటితే ముందు ఒత్తిడి చూడండి, ఆ తర్వాతే మెంబ్రేన్‌ను అనుమానించండి.

వేస్ట్ నీళ్లు ఎక్కువ పోతున్నాయని ఆ గొట్టంలో ప్రవాహాన్ని తగ్గించే రిస్ట్రిక్టర్ బిగించేవాళ్లున్నారు. కాఠిన్యం ఎక్కువున్న బోరు నీళ్లతో అలా చేస్తే మెంబ్రేన్‌పై సున్నం పేరుకుని నెలల్లోనే పోతుంది. ఒక నిమిషం రెండు గొట్టాల నీళ్లూ విడివిడిగా పట్టి కొలవండి: మంచినీళ్లు 200 మి.లీ. వస్తే వేస్ట్ 600 మి.లీ.కి తగ్గకూడదు. ఆ నీళ్లు గచ్చు కడగడానికి, బాత్రూముకు పనికొస్తాయి. సంపు దగ్గర సాఫ్ట్‌నర్ ఉంటే మెంబ్రేన్‌కు మంచిదే, అయితే దానివల్ల టీడీఎస్ తగ్గదు.

డీఐ లెక్క చూస్తే ఆర్వో ఎందుకో తెలుస్తుంది. టీడీఎస్ 500 ఉన్న నీళ్లు నేరుగా పంపితే లీటరు మిక్స్‌డ్ బెడ్ (రెండు రకాల గింజలు కలిపిన) రెజిన్ సుమారు 60 లీటర్లకే అయిపోతుంది. 10 ఉన్న నీళ్లైతే లెక్క ప్రకారం రెండు వేల లీటర్ల పైమాటే. బోరు నీళ్లలో కరిగిన కార్బన్ డయాక్సైడు ఈ లెక్కను చెడగొడుతుంది. అది మెంబ్రేన్‌ను సులువుగా దాటి రెజిన్‌ను ఖర్చు చేస్తుంది, టీడీఎస్ మీటరుకు పెద్దగా చిక్కదు. ఆర్వో అంకె బాగున్నా రెజిన్ తొందరగా అయిపోతుంటే ఆర్వో నీళ్లను డ్రమ్ములో పట్టి, రాత్రంతా ఎయిర్ స్టోన్‌తో గాలి ఆడించి, మర్నాడు చిన్న పంపుతో డీఐ గుండా పంపండి.

సిలికా ఇంకా మోసకారి. గ్రానైటు నేలల బోరు నీళ్లలో అది ఎక్కువ, మీటరులో కనబడదు, రెజిన్ అలసిపోగానే మొదట జారిపోయేవాటిలో అదొకటి. మీటరు సున్నా చూపిస్తూనే ఉంటుంది, గాజుపై మాత్రం గోధుమరంగు డయాటమ్ (సిలికాతో పెరిగే నాచు) పొర వస్తూనే ఉంటుంది. అందుకే డీఐ గొట్టాలు రెండు వరుసగా పెట్టాలి. మొదటిదానిలో రెజిన్ రంగు మారగానే (అయిపోయిందని గుర్తు) దాన్ని తీసి, రెండోదాన్ని దాని చోటికి జరిపి, కొత్త రెజిన్‌ను చివర పెట్టండి. నీళ్లు పట్టేది ఒకేసారి 40–50 లీటర్లు పట్టండి. మొదటి ఐదు నిమిషాల నీళ్లు డీఐకి పంపకుండా బయటికి వదలండి.

డీఎం వాటర్ బ్యాటరీ షాపుల్లో దొరుకుతుంది. 40 లీటర్ల ట్యాంకుకు వారానికి 4 లీటర్ల మార్పు, 3–4 లీటర్ల టాప్-అప్ చాలు, ఆ కొంచెం కోసం గోడకు యంత్రం అక్కర్లేదు. సీలు తీయని క్యాను కొనండి, యాసిడ్ పోసిన క్యాన్లలో నింపి ఇచ్చేవి వద్దు. ఏ క్యానైనా ట్యాంకులో పోసేముందు మీటరు పెట్టి చూడండి. టీడీఎస్ 2 దాటితే వెనక్కిచ్చేయండి.

ఏ దారి ఎంచుకున్నా, డీఐ నీళ్లు తగిలే చోట ఇత్తడి కొళాయి, రాగి ఫిట్టింగు ఉండకూడదు. శుద్ధమైన నీళ్లు లోహాన్ని మామూలు నీళ్లకన్నా తొందరగా కరిగిస్తాయి. ఫుడ్ గ్రేడ్ ప్లాస్టిక్ డ్రమ్ము, దానికి ప్లాస్టిక్ వాల్వే వాడండి.