స్టాప్‌వాచ్ జీతమా, అందరితో సమానమైన జీతమా?

అమెరికాలో 1938 నాటి కార్మిక చట్టంలో సెక్షన్ 14సి అని ఒకటుంది. వైకల్యం ఉన్నవాళ్లకి కనీస వేతనం కంటే తక్కువ ఇవ్వడానికి అది అనుమతిస్తుంది. లెక్క ఎలా అంటే, మామూలు మనిషి గంటకి 40 డబ్బాలు మడుస్తాడనుకోండి, స్టాప్‌వాచ్ పెట్టి చూస్తే వైకల్యం ఉన్న ఒక అబ్బాయి 10 మడిచాడు, ఆ పనికి ఆ ఊళ్లో 12 డాలర్లు నడుస్తుంటే ఇతని చేతికొచ్చేది 3. మిగతా ఉద్యోగుల్ని ఎవరైనా ఇలా కొలుస్తారా? నాకైతే ఇది చాలా అన్యాయం అనిపిస్తుంది.

రెండో దారి అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రానిది. వైకల్యం ఉన్నవాళ్లకే విడిగా పెట్టి, ఇలా తక్కువ జీతమిచ్చే వర్క్‌షాపుల్లో అక్కడ చివరిది 2002లోనే మూసేశారు. 2015లో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం ఇలాంటి తక్కువ జీతాల్ని నిషేధిస్తూ ఏకంగా చట్టమే చేసింది. ఈ పద్ధతిలో మామూలు షాపులో, మామూలు జీతానికి పని, పక్కనే ఉండి నేర్పించడానికి ఒక జాబ్ కోచ్.

అలాగని 14సి కావాలనే తల్లిదండ్రుల్ని తప్పుపట్టలేం. వర్క్‌షాపు మూస్తే అబ్బాయి రోజంతా ఇంట్లోనే కూర్చుంటాడని, ఉన్న నలుగురు స్నేహితులూ దూరమవుతారని వాళ్ల టెన్షన్, అది నిజమైన భయమే. అందుకే కోచ్‌లకి డబ్బు కేటాయించకుండా ఊరికే మూసేయడం కూడా తప్పే. కానీ డబ్బు పెడితే మాత్రం రెండో దారే నయం, అందులో నాకు అనుమానం లేదు.

14సిని దశలవారీగా ఎత్తేస్తామని 2024 డిసెంబరులో అమెరికా కేంద్ర కార్మిక శాఖ ప్రతిపాదించింది, 2025 జూలైలో వెనక్కి తీసుకుంది.