కొండ కిందికి వచ్చే సంచార వైద్యశాల

విజయవాడ వన్‌టౌన్‌లో, చిట్టినగర్ వైపు కొండలపై కాపురముంటున్న వృద్ధులకు బీపీ మాత్రల కోసం ఆసుపత్రికి వెళ్లడమంటే మెట్లు దిగడం, ఆటో ఎక్కడం, ఓపీ చీటీకి వరుసలో నిలబడడం, తిరిగొచ్చి మళ్లీ ఆ మెట్లన్నీ ఎక్కడం. ఈ శ్రమకు ఓర్వలేకనే చాలామంది మందులు మధ్యలో మానేస్తారు. అందువల్ల పదిహేను రోజులకొకసారి మా కొండ కిందికి వచ్చి ఆగే సంచార వైద్యశాలను నేను చాలా విలువైన సేవగా భావిస్తున్నాను. ఒక సేవాసంస్థ నడిపే ఆ వ్యాను వద్దకు కొంతకాలంగా మా అమ్మను తీసుకువెళ్తున్నాను.

అక్కడ బీపీ చూసే పద్ధతి నాకు అన్నింటికన్నా నచ్చింది. మెట్లు దిగి వచ్చిన మనిషికి వెంటనే పట్టీ చుడితే అంకె ఎక్కువగానే కనిపిస్తుంది. నర్సు ఆ తొందర పడకుండా, "మామ్మగారూ, ముందు కాసేపు కూర్చోండి, మాట్లాడకండి" అని చెప్పి, ప్రతి ఒక్కరినీ ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోబెట్టి, చేతిని గుండె ఎత్తున బల్లపై ఉంచిన తరువాతే కొలుస్తారు. 140/90 దాటితే కొంతసేపు ఆగి మళ్లీ చూసి, రెండుసార్లు వచ్చిన అంకెలనూ పుస్తకంలో రాస్తారు. ఫీజు తీసుకునే చోట్ల కూడా ఇంత ఓపిక నేను చూడలేదు.

షుగరు విషయంలో ఈ ఏర్పాటు అంతగా సరిపోదు. వ్యాను వచ్చేసరికి అందరూ టిఫిను తినేసి ఉంటారు కనుక, పరగడుపున 126 మిల్లీగ్రాములు, ఆపైన ఉంటే మధుమేహమనే లెక్క అప్పుడు వర్తించదు. డాక్టరుగారు ఎప్పుడు తిన్నారో అడిగి రాసుకుని, మూడు నెలల సగటు తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్షను బయట చేయించుకోమంటారు; రోజు కూలిపై నడిచే ఇళ్లలో అది వాయిదా పడుతూనే ఉంటుంది. అయితే ఆయన మధుమేహం ఉన్నవారి పాదాలను స్వయంగా పరీక్షిస్తారు. స్పర్శ తగ్గిన పాదానికి రాయి గుచ్చుకున్నా తెలియదు, మా కొండదారుల్లో చెప్పులు లేకుండా తిరిగేవారికి ఆ చిన్న గాయమే పుండవుతుంది.

మాత్రలు సరిగ్గా పదిహేను రోజులకే ఇవ్వడం పెద్ద లోపం. దసరా నవరాత్రులలో ఇంద్రకీలాద్రికి వచ్చే భక్తుల రద్దీ వల్ల వన్‌టౌన్‌లో వాహనాలను దారి మళ్లిస్తారు. ఆ విడత వ్యాను రాలేదు, రాదని ముందుగా చెప్పినవారూ లేరు. అమ్మకు నేను బయట కొన్నాను గానీ, కొనలేని పొరుగువారు మందు లేకుండానే గడిపారు. మందు ఆగినప్పుడు ఒంట్లో ఏ బాధా తెలియకుండానే రక్తపోటు పెరుగుతుంది కాబట్టి, పండుగకు ముందు విడతలోనే నెలకు సరిపడా మాత్రలు ఇచ్చి, ఆశా కార్యకర్త ద్వారా కబురు చేయాలని నిర్వాహకులను కోరుతున్నాను. మెట్లు దిగలేక మంచాన ఉన్నవారి వద్దకు నర్సును పైకి పంపే ఏర్పాటు కూడా జరగాలి.

వెళ్లేవారు పాత చీటీలను, వాడుతున్న మాత్రల అట్టలను వెంట తీసుకువెళ్లాలి. ఛాతీలో నొప్పి వచ్చినా, మూతి వంకర పోయినా, చేయి పడిపోయినా వ్యాను వచ్చే రోజు కోసం చూడకుండా వెంటనే 108కి ఫోను చేయాలి.