కొలువు వదిలిన గిల్బర్ట్, కొలువులో నిలిచిన అలెవీ: ఆపరెట్టా రచయితకు ఏ దారి మేలు?

పంతొమ్మిదవ శతాబ్దపు ఆపరెట్టాకు, అంటే మాటలూ పాటలూ కలిసిన తేలికపాటి సంగీత నాటకానికి, మాటలూ పాటలూ రాసినవారిలో లండన్ రచయిత డబ్ల్యూ. ఎస్. గిల్బర్ట్, పారిస్ రచయిత లుడోవిక్ అలెవీ ఇద్దరూ ప్రభుత్వ కార్యాలయాల్లోనే బతుకు మొదలుపెట్టారు. ఆ కొలువును నాలుగేళ్లపాటు అసహ్యించుకుంటూనే భరించిన గిల్బర్ట్, వారసత్వంగా వచ్చిన 300 పౌండ్లను నమ్ముకుని న్యాయవాద వృత్తిలోకి దిగారు. అలెవీ మాత్రం 1864లో తన ఆపరెట్టా 'లా బెల్ ఎలెన్' విజయం సాధించేదాకా ఆగి, 1865లో గానీ ఉద్యోగం మానలేదు.

నిలకడ చూసుకుంటే అలెవీదే మంచి దారి. అయితే 1858లో సంగీతకర్త ఆఫెన్‌బాక్ స్వరపరచిన ఆపరెట్టా 'ఓర్ఫే ఓ జాన్‌ఫేర్' రచనలో ఆయన చెయ్యి ఉన్నా, ఫ్రెంచి ప్రభుత్వపు అల్జీరియా మంత్రిత్వశాఖలో పదవి కారణంగా పేరు వేసుకోలేకపోయారు. అంత పేరు మోసిన కృతిలో ఆయనకు దక్కింది అంకితం మాత్రమే, అది నాకు చాలా బాధ కలిగించే విషయం.

గిల్బర్ట్‌కు ఏడాదికి సగటున ఐదుగురు కక్షిదారులే దొరికారు. కడుపు నింపింది పత్రికా రచన. 'ఫన్' పత్రికలో నాటక విమర్శకుడిగా ఆయన ఎన్నో సమీక్షలను ఆ నాటకానికే హాస్యానుకరణగా రాశారు. వారం వారం అరిగిపోయిన మలుపులను చూసి చూసి, ఏ కీలు ఎక్కడ కిర్రుమంటుందో ఆయన కనిపెట్టారు. పసితనంలో బిడ్డలు తారుమారు కావడమనే పాత ఎత్తును 1878 నాటి తన ఆపరెట్టా 'హెచ్.ఎం.ఎస్. పినాఫోర్'లో నౌకాధిపతికీ నావికుడికీ అంటగట్టి, ఒక్క పాటతో వారి హోదాలను తలకిందులు చేయడం విమర్శకుడి నేర్పే. కలిసిరాని న్యాయస్థానం కూడా వృథా కాలేదు. 'ఫన్'లోనే 1868లో అచ్చయిన చిన్న హాస్యగీతం 1875లో సంగీతకర్త సలివన్ స్వరాలతో, కోర్టునే రంగంగా చేసుకున్న ఆపరెట్టా 'ట్రయల్ బై జ్యూరీ' అయింది.

సహరచన విషయంలో మాత్రం అలెవీకే మొగ్గాలి. తోటి రచయిత మెలాక్‌తో ఆయన దాదాపు రెండు దశాబ్దాలు కలిసి రాశారు. 1875 నాటి ఆపెరా 'కార్మెన్' కూడా ఆ జంట రచనే. చిన్న నమూనా రంగస్థలంపై చెక్కముక్కలు పేర్చి నటుల ప్రతి కదలికనూ ముందే నిర్ణయించే గిల్బర్ట్‌కు సర్దుకుపోయే గుణం తక్కువ. 1890లో వారి ఆపరెట్టాలు ఆడే సవోయ్ థియేటర్ తివాచీ ఖర్చు దగ్గర మొదలైన తగవు కోర్టుకెక్కింది, ఆ తరువాత సలివన్‌తో రెండు ఆపరెట్టాలే వచ్చాయి.

ఇదంతా తెలిసీ నేను గిల్బర్ట్ దారినే ఎంచుకుంటాను. ఇతరుల నాటకాలను చీల్చి చూసిన ఆ 'ఫన్' ఏళ్లు లేకుండా 'పినాఫోర్' పుట్టేదని నేను అనుకోను.