వదులు క్లెయిమా, బిగింపు క్లెయిమా: వైర్‌లెస్ మెషీన్ లెర్నింగ్ పేటెంట్లకు ఏది మేలు?

మాదాపూర్‌లో మా ఆఫీసు కింద టీ కొట్టు దగ్గర పోయిన వారం ఒక కుర్రాడు ల్యాప్‌టాప్ తెరిచి తన క్లెయిమ్ (పేటెంట్ దరఖాస్తులో హక్కు హద్దు చెప్పే వాక్యం) చూపించాడు. ఐదేళ్లుగా 5జీ బేస్ స్టేషన్ (టవర్) సాఫ్ట్‌వేర్ రాస్తున్నాడు. పేటెంట్ మాత్రం ఇదే మొదటిది. "అన్నా, ఎంత వదులుగా రాస్తే కాపీ కొట్టేవాళ్లు అంత ఎక్కువ మంది దొరుకుతారు కదా?" అన్నాడు. క్లెయిమ్ ఇంగ్లిష్‌లో ఉంది, తెలుగులో చెప్పుకుంటే ఇంతే (బీమ్ అంటే టవర్ ఒక దిక్కుకు గురిపెట్టి పంపే సిగ్నల్): "శిక్షణ పొందిన మోడల్ సాయంతో ఫోన్‌కు సరైన బీమ్‌ను ఎంపిక చేసే పద్ధతి."

"సరైన అంటే?" అన్నాను.

"సిగ్నల్ బాగా వచ్చేది."

"ఎంత బాగా? కొలిచింది ఎవరు, ఫోనా, టవరా?"

కుర్రాడు టీ తాగడం మొదలుపెట్టాడు. నిజానికి అతని దగ్గర ఉన్న పని బాగుంది, రాయడంలోనే పోయింది. బేస్ స్టేషన్‌కు 32 బీమ్‌లు ఉంటే అన్నీ పంపకుండా 8 మాత్రమే పంపుతుంది. ఫోన్ ఆ ఎనిమిదింటి సిగ్నల్ బలం కొలిచి చెబుతుంది. ఆ అంకెలు మోడల్‌లోకి వెళితే, 32 బీమ్‌లలో ఏది మంచిది కావడానికి ఎంత అవకాశం ఉందో బయటికి వస్తుంది. అవకాశం ఎక్కువున్న పై నాలుగింటినే మళ్లీ పంపి, కొలిపించి, ఒకటి ఖాయం చేస్తుంది. ఆ నాలుగింటిని ఎన్నుకునే తీరులో అతని కిటుకు ఉంది. కొలతల టైమ్ మిగలడం అందులోని లాభం.

ఇప్పుడు వదులు రాతనూ, బిగింపు రాతనూ పక్కపక్కన పెట్టి చూడండి. వదులు రాతకు మొదటి దెబ్బ పాత జ్ఞానం, అంటే మీకన్నా ముందే బయటపడ్డ పనుల నుంచే తగులుతుంది. తక్కువ బీమ్‌లు కొలిచి మిగతావి ఊహించడం మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ సంస్థ రిలీజ్ 18 అధ్యయనంలోనే ఉంది. 38.843 నంబరు రిపోర్ట్ తెరిస్తే బీమ్‌లు, ఛానెల్ సమాచారం (ఫోన్‌కూ టవర్‌కూ మధ్య సిగ్నల్ దారి ఎలా ఉందో చెప్పే కొలతలు) కుదించి పంపడం, లొకేషన్ కనుక్కోవడం, మూడూ కనిపిస్తాయి. "మోడల్‌తో బీమ్ ఎంపిక" అనేంత వెడల్పుగా వల వేస్తే ఆ రిపోర్టే ముందు వలలో పడుతుంది.

రెండో దెబ్బ మన చట్టంలోది. హైదరాబాద్ నుంచి వేసే దరఖాస్తు చెన్నై పేటెంట్ ఆఫీసు పరిధిలోకి వస్తుంది. 1970 పేటెంట్ చట్టం సెక్షన్ 3(కె) ప్రకారం గణిత పద్ధతికీ, అల్గారిథమ్‌కూ, ఉత్త కంప్యూటర్ ప్రోగ్రామ్‌కూ పేటెంట్ లేదు. క్లెయిమ్ స్పష్టంగా, క్లుప్తంగా, స్పెసిఫికేషన్‌లో (దరఖాస్తులో ఆవిష్కరణను వివరించే భాగం) చెప్పినదాని మీదే నిలబడాలని సెక్షన్ 10(5) చెబుతుంది. వదులు రాత ఈ రెండింటికీ ఒకేసారి దొరికిపోతుంది. ఏ కొలత లోపలికి వెళ్తుందో, రేడియోలో ఏం మారుతుందో చెప్పకపోతే చదివేవాళ్లకు మిగిలేది అల్గారిథమే. 2019లో ఢిల్లీ హైకోర్టు ఫెరిద్ అల్లానీ కేసులో సాంకేతిక ప్రభావం చూడాలంది. ఆ ప్రభావం క్లెయిమ్‌లో కనబడాలిగా!

బయటి దేశాల్లోనూ వదులు రాతకు పెద్దగా సుఖం లేదు. అమెరికాలో 2014 నాటిలస్ తీర్పు తర్వాత, ఆ రంగం తెలిసినవాడికి క్లెయిమ్ హద్దు సహేతుకమైన నిశ్చయంతో తెలియాలి. 2025 ఏప్రిల్‌లో రిసెంటివ్ కేసులో అక్కడి పేటెంట్ అప్పీళ్ల కోర్టు ఫెడరల్ సర్క్యూట్, మామూలు మెషీన్ లెర్నింగ్‌ను కొత్త రకం డేటాకు తగిలించినంత మాత్రాన పేటెంట్ రాదని తేల్చింది. యూరప్‌లో టి 161/18 కేసు ఇంకా ముచ్చటైనది. ధమని ఒత్తిడి నుంచి గుండె ఎంత రక్తం పంపుతుందో లెక్కించే న్యూరల్ నెట్‌వర్క్ అది. ఏ డేటాతో శిక్షణ ఇచ్చారో సరిగ్గా చెప్పలేదని 2020లో తిరస్కరించారు. టవర్ డేటాకూ అదే వర్తిస్తుంది. శిక్షణ డేటా వివరం క్లెయిమ్‌లో లేకపోయినా స్పెసిఫికేషన్‌లో ఉండి తీరాలి.

అలాగని పూర్తిగా బిగించేద్దామా? ఇక్కడే చాలామంది ఇంజనీర్లు అవతలి గోతిలో పడతారు. "మూడు హిడెన్ లేయర్లు, ఒక్కోదానిలో 128 నోడ్లు" అని మోడల్ లోపలి పొరల లెక్క మొదటి క్లెయిమ్‌లోనే రాసేస్తారు. పోటీవాడు నాలుగో లేయర్ పెట్టి నవ్వుకుంటూ వెళ్లిపోతాడు. పైగా వాడి చిప్ లోపల ఎన్ని లేయర్లు ఉన్నాయో మీకు తెలిసేది ఎలా? గాలిలో వెళ్లే సిగ్నల్‌ను మాత్రం పట్టి చూడొచ్చు. టవర్ ఎన్ని బీమ్‌లు పంపింది, ఫోన్ ఏం రిపోర్ట్ చేసింది, తర్వాత ఎన్నింటిని మళ్లీ పంపింది, ఇవన్నీ ల్యాబ్‌లో కొలవొచ్చు. అందుకే నా ఓటు రెండు కొసలు బిగించి, మధ్య వదిలేసే రాతకు. లోపలికి వెళ్లే కొలత, బయటికి వచ్చే రేడియో పని గట్టిగా చెప్పండి. మోడల్ ఆకారాన్ని కింది క్లెయిమ్‌లకు (మొదటిదాని మీద ఆధారపడి దాన్ని ఇంకా బిగించేవి) వదిలేయండి, కిటుకు అక్కడే ఉంటే తప్ప. 32, 8, 4 లాంటి అంకెలు కూడా కిందికే. మొదటి దాంట్లో "మొత్తం బీమ్‌ల కన్నా తక్కువ బీమ్‌లున్న మొదటి గుంపు" అంటే చాలు.

మొదటి క్లెయిమ్, దాని కింది క్లెయిమ్‌లు అనే ఈ మెట్లు ముందే కట్టుకోవాలి. సెక్షన్ 59 ప్రకారం సవరించిన క్లెయిమ్ పాత క్లెయిమ్ హద్దులోనే ఉండాలి. ఇరుకుగా మొదలుపెట్టి తర్వాత వెడల్పు చేస్తామంటే కుదరదు.

ఫోన్ వైపు రాయాలా, టవర్ వైపు రాయాలా అన్నదానికి నా దగ్గర పొట్టి జవాబే ఉంది: విడివిడిగా రెండూ. ఛానెల్ సమాచారాన్ని ఫోన్‌లో కుదించి టవర్‌లో విప్పే మోడల్‌లో సగం ఒక కంపెనీది, సగం ఇంకో కంపెనీది కావచ్చు. రెండింటినీ ఒకే క్లెయిమ్‌లో కలిపితే, మొత్తం నేనే చేశానని ఎవరూ ఒప్పుకోరు. పది దాటితే ఒక్కో క్లెయిమ్‌కు స్టార్టప్ అయితే ఆన్‌లైన్‌లో కట్టాల్సింది 320 రూపాయలు. ఇక్కడ పిసినారితనం దండగ.

మాటల విషయానికొస్తే "రియల్ టైమ్‌కు దగ్గరగా" అన్నది చూడండి. ఓ-రాన్ అనే ఓపెన్ రేడియో నెట్‌వర్క్ ప్రమాణాల్లో దానికి కొలత ఉంది, 10 మిల్లీసెకన్ల నుంచి 1 సెకను. ఆ అర్థంలోనే వాడుతున్నామని స్పెసిఫికేషన్‌లో రాస్తే అది గట్టి మాట, రాయకపోతే గాలి మాట. "తగిన", "మెరుగైన" లాంటి వాటికి ఆ రక్షణ కూడా లేదు.

నన్ను బాగా ఏడిపించింది మాత్రం చిన్న మాట, "ఆ మోడల్". కొత్తల్లో నేను రాసిన ఒక క్లెయిమ్‌లో సర్వర్‌లో శిక్షణ పొందే మోడల్ ఒకటి, ఫోన్‌కు పంపిన దాని కాపీ ఒకటి ఉండేవి. ఆ పద్ధతిలోని మూడో దశలో "ఆ మోడల్ అప్‌డేట్ అవుతుంది" అని రాశాను. ఏది? పేటెంట్ ఆఫీసు ఎగ్జామినేషన్ రిపోర్ట్‌లో సరిగ్గా అదే ప్రశ్న వచ్చింది. జవాబు స్పెసిఫికేషన్‌లోనూ లేదు. ఆ దశే తీసేయాల్సి వచ్చింది. అప్పట్నుంచీ ప్రతి క్లెయిమ్‌నూ తెలుగులో పైకి చదివించి వింటాను. ఇంగ్లిష్‌లో కళ్లు జారిపోయే చోట, తెలుగులో "ఆ" అనగానే వినేవాడు "ఏ?" అంటాడు.

కుర్రాడు రెండు రోజుల తర్వాత కొత్త రాతతో వచ్చాడు. "సరైన" పోయింది, బీమ్ గుంపులు వచ్చాయి, కొలిచేది ఫోన్ అని తేలింది, పై నాలుగింటి కిటుకు మధ్యలోకి వచ్చింది. తెలుగులో చదవమన్నాను. సగం దాకా సాఫీగా వెళ్లాడు. "ఆ తర్వాత ఆ గుంపును మళ్లీ పంపి..." అని, నేను నోరు తెరవకముందే తనే ఆగిపోయాడు.

"ఏ గుంపు?" అనుకుంటూ ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకున్నాడు.