ఎస్సిటాలోప్రామ్ ఆపేటప్పుడు: సమానమైన మెట్లా, చిన్నవవుతూ పోయే మెట్లా?

బెంగళూరులో ఉంటున్న మా తమ్ముడికి ఇక ఎస్సిటాలోప్రామ్ (డిప్రెషన్, ఆందోళనలకి వాడే మందు) తగ్గిద్దామంటూ డాక్టరు రెండు దారులు చెప్పారు. మొదటిది 20 నుంచి 15, 10, 5 మిల్లీగ్రాములు, ఆపై సున్నా. లెక్క సులువు, ఆ మాత్రలు మెడికల్ షాపుల్లో దొరుకుతాయి. కొంతమందికి ఇదే సరిపోతుంది.

చిక్కంతా ఆఖరి మెట్టు దగ్గరే. ఈ మందు చిన్న డోసులోనే మెదడు మీద చాలావరకు పని చేస్తుంది. అందుకే 20 నుంచి 15కి దిగినప్పుడు తేడా తెలియనివాళ్లకి కూడా 5 నుంచి ఒక్కసారిగా సున్నాకి వస్తే తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, చిరాకు, తలలో కరెంట్ షాక్ కొట్టినట్టు అనిపించడం మొదలవ్వచ్చు. చాలామంది దీన్ని చూసి జబ్బు తిరగబెట్టిందని భయపడతారు. కానీ మందు తగ్గించిన కొద్ది రోజుల్లోనే, అంతకుముందు లేని ఈ షాకుల్లాంటివి వస్తే అది ఎక్కువగా మందు మానిన ప్రభావమే.

రెండో దారిలో 5 తర్వాత 2.5, 1.25, ఇంకా తక్కువ. నెలలు పడుతుంది, ద్రవరూప మందు అవసరం కావచ్చు. అయినా ఏళ్ల తరబడి వాడినవాళ్లకి నేను దీన్నే అడగమంటాను. ఇబ్బంది ఎక్కువైతే డాక్టరుతో మాట్లాడి వెనకటి డోసుకి వెళ్లి, కుదుటపడ్డాక మళ్లీ మెల్లగా దిగొచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416.