ఆడి టీటీ కొనేవాళ్లూ, ఇంజిన్ ఆయిల్ కాదు, వెనక హాల్డెక్స్ క్లచ్ ఆయిల్ ఎప్పుడు మార్చారో అడగండి

సెకండ్ హ్యాండ్ ఆడి టీటీ చూస్తున్నవాళ్లు ఇది చదివాకే అడ్వాన్స్ ఇవ్వండి. నేను ఇచ్చేశాక తెలుసుకున్నాను.

నాది 2016 మోడల్, మూడో తరం టీటీ, 2.0 లీటర్ పెట్రోల్ క్వాట్రో, అంటే నాలుగు చక్రాలకూ పవర్ వెళ్లాల్సిన బండి. హైదరాబాద్‌లో పాత లగ్జరీ కార్లు అమ్మే ఒక చోట కొన్నాను, పేరు రాయను. రీడింగ్ 27 వేల కిలోమీటర్లు. "డాక్టర్ గారి బండి సార్, ఆదివారాలే బయటికి తీసేవారు" అన్నాడు. (మన ఊళ్లో అమ్మకానికొచ్చే ప్రతి ఖరీదైన కారూ డాక్టర్ గారిదే ఎందుకవుతుందో!) సర్వీసు బుక్కులో స్టాంపులు వరుసగా ఉన్నాయి. మురిసిపోయి కొనేశాను.

నాలుగు నెలలు ఏ తేడా తెలియలేదు. ఎండిపోయిన ఔటర్ రింగు రోడ్డు మీద ఎలా తెలుస్తుంది? జూలైలో వానలో వికారాబాద్ దగ్గర అనంతగిరి ఘాట్ ఎక్కుతున్నాం. ఒక మలుపు తిరిగి యాక్సిలరేటర్ నొక్కగానే ముందు చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగాయి, స్టీరింగ్ చేతిలో గుంజింది, బండి జారకుండా చూసే ఈఎస్‌సీ లైటు మిణుకుమంది. వెనక చక్రాలు తోయాల్సిన సమయం అది. తోయలేదు. పక్క సీట్లో మా ఆవిడ ఆ తర్వాత దారంతా నాతో మాట్లాడలేదు. ఏదో పాడైందని మాత్రం మీటర్లో ఒక్క వార్నింగ్ కూడా రాలేదు.

తెలిసిన మెకానిక్ దగ్గర ర్యాంప్ ఎక్కించాం. స్కానర్ తగిలించి చూసి, "సార్, ఇది ఫోర్ వీల్ కాదు. ఎప్పటి నుంచో ముందు చక్రాల మీదే నడుస్తోంది" అన్నాడు.

క్వాట్రో అనే బ్యాడ్జి ఒకటే అయినా లోపలి పద్ధతి అన్ని ఆడిల్లో ఒకటి కాదు. టీటీలో ఇంజిన్ అడ్డంగా ఉంటుంది. అందుకని వెనక డిఫరెన్షియల్‌కి (వెనక రెండు చక్రాలకూ పవర్ పంచే గేర్ల పెట్టెకి) ముందు హాల్డెక్స్ అనే క్లచ్ ఉంటుంది, స్వీడన్‌లో పుట్టిన డిజైన్ ఇది. ఆయిల్లో మునిగి ఉండే ప్లేట్లు, వాటిని నొక్కడానికి ఒక చిన్న ఎలక్ట్రిక్ పంపు. పంపు ప్రెషర్ ఇస్తేనే ప్లేట్లు కలుస్తాయి, అప్పుడే వెనక చక్రాలకు పవర్ వెళ్తుంది. ప్లేట్లు అరిగిన పొడి ఆయిల్లో కలుస్తుంది. ఈ మూడో తరం టీటీ యూనిట్‌లో విడిగా ఫిల్టర్ లేదు, పంపుకే సన్నటి జాలీ ఉంటుంది. పొడి అంతా అక్కడ పేరుకుని జాలీ మూసుకుపోతే పంపు కష్టపడి కష్టపడి ఒకరోజు కాలిపోతుంది. నాది అదే. ఆయిల్ తీస్తే తారులా వచ్చింది, జాలీ మీద పొడి బురదలా అతుక్కుపోయి ఉంది.

ఇందులో బండి తప్పేమీ లేదు. ఈ ఆయిల్ మూడేళ్లకోసారి మార్చాలి, బండి తిరిగినా తిరగకపోయినా. ఇంటికొచ్చి సర్వీసు బిల్లులు ఒక్కొక్కటీ చదివాను. ఇంజిన్ ఆయిల్, ఏసీ ఫిల్టర్, వాషింగ్, పాలిషింగ్ ఉన్నాయి. హాల్డెక్స్ అన్న మాటే ఎక్కడా లేదు. తక్కువ కిలోమీటర్లని నేను ఎక్కువ డబ్బు పెట్టింది ఈ బండికే. అమ్మినవాడికి ఫోన్ చేస్తే "వారంటీలో ఇంజిన్, గేర్ బాక్స్ మాత్రమే సార్" అన్నాడు. కాగితం తీసి చూస్తే నిజమే, అలాగే రాసుంది, నేనే చదవలేదు.

కాబట్టి బుక్కులో స్టాంపులు చూసి ఊరుకోకండి, బిల్లులు అడగండి. "వెనక ఆయిల్ మార్చాం" అన్నా నమ్మకండి. డిఫరెన్షియల్ గేర్ ఆయిల్, హాల్డెక్స్ ఆయిల్ వేరు వేరు, బోల్టులు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి మార్చి రెండోది వదిలేసే మెకానిక్‌లు ఉన్నారు, ఒకదానిది ఇంకోదాంట్లో పోసే మహానుభావులూ ఉన్నారు. ఆయిల్ మార్చినప్పుడే పంపు తీయించి జాలీ కడిగించండి, అది చెప్పి చేయించుకుంటే తప్ప ఎవరూ చేయరు. టెస్ట్ డ్రైవ్ తారు రోడ్డు మీద సరిపెట్టకుండా తడి మట్టి ఉన్న ఖాళీ స్థలంలో నిలబెట్టి కాస్త గట్టిగా లాగించి, బయట ఒకరిని చూడమనండి. ముందు చక్రాలే మట్టి చిమ్ముతుంటే సంగతి తెలిసిపోతుంది. కొనకముందే స్కానర్ పెట్టించండి, అమ్మేవాడు వద్దంటే అక్కడి నుంచి వచ్చేయండి.

పంపు తెప్పించడానికి మూడు వారాలు పట్టింది. ఆయిల్, కూలీ కలిపి 70 వేలు దాటింది. ప్లేట్లు బాగానే ఉన్నాయి, అదొక్కటే అదృష్టం.

ఇంకోటి, టైర్లు. నా బండికి వెనక రెండూ కొత్తవి, ముందు రెండూ సగం అరిగినవి, కంపెనీ కూడా వేరు. అమ్మేముందు రెండే మార్చి మెరుగు పెట్టారన్నమాట. చుట్టుకొలతలో తేడా ఉంటే ముందు వెనక చక్రాల వేగం కలవదు, ఆ తేడా భారం మళ్లీ ఈ క్లచ్ మీదే. ఆ ముందు రెండూ మార్చడం ఇంకా మిగిలే ఉంది, వచ్చే నెల జీతం పడ్డాక.